ఉపకారమా? వేతనమా?

కొన్ని మాటలు మన ఇళ్ళలో ఉండే పాత భోషాణాల్లాంటివి. రోజూ వాటి పక్కనుంచే తిరుగుతూంటాం గాని, లోపల ఏముందో మూత తీసి చూడం. ‘ఉపకారవేతనం’ అన్నమాట నాకు అలాంటిదే. బడిలో చదువుకునే రోజులనుంచీ వింటున్నాను. స్కాలర్‌షిప్పుకి ఎవరో పండితులు చేసిన తెలుగు కాబోలు అనుకుని ఊరుకున్నాను. కిందటేడు జ్యేష్ఠమాసం ఎండల్లో, కాలేజీ తెరిచిన వారానికి, మా అమ్మాయి ఒక దరఖాస్తు ఫారం తెచ్చి భోజనాల బల్లమీద పెట్టినప్పుడు మొట్టమొదటిసారి ఆ మాటని రెండుగా విడదీసి చూశాను.

ఉపకారం అంటే లెక్క చూసుకోకుండా చేసే మేలు. వేతనం అంటే చేసిన పనికి లెక్క కట్టి ఇచ్చే జీతం. మొదటిదానికి లెక్క కడితే పుణ్యం పోతుంది. రెండోదానికి లెక్క కట్టకపోతే తగువొస్తుంది. ఉత్తర దక్షిణ ధ్రువాల్లాంటి ఈ రెంటినీ ఒక్క మాటలో ముడివేసిన మహానుభావులెవరో గాని, మా ఇంట్లో మూడు నెలలపాటు నిద్ర లేకుండా చేశారు. ఎందుకో చెబుతాను, వినండి.

మేముండేది విశాఖపట్నంలో. మా అమ్మాయి అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, సంగీతం ఒక సబ్జెక్టు. ఎనిమిదో ఏట సరళీస్వరాలతో మొదలుపెట్టి, పదకొండేళ్ళుగా ఒకే టీచరుగారి దగ్గర నేర్చుకుంటోంది. ఊళ్ళో సంగీతమంటే ఇష్టమున్న పెద్దలు కొందరు కలిసి, డిగ్రీలో సంగీతం చదివే పిల్లల్లో ఒకరికి, ఏటా ఒక్కరికే, ఉపకారవేతనం ఇస్తారు. రెండేళ్ళపాటు కాలేజీ ఫీజూ, గురువుకిచ్చే జీతమూ వాళ్ళే కడతారు. కేంద్రప్రభుత్వం వారు 18 నుంచి 25 ఏళ్ళ లోపు యువకళాకారులకి నెలకి 5000 రూపాయల చొప్పున రెండేళ్ళు ఇచ్చే స్కాలర్‌షిప్పు ఉంది చూశారూ, అంత గొప్పది కాదు. దానికి దేశమంతా పోటీ, దీనికి ఊరంతా పోటీ. కాని నన్నడిగితే దేశంలో పోటీకన్నా ఊళ్ళో పోటీయే కష్టం. ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాలు తెలిసి ఉంటాయి గనక.

పరీక్ష పది నిమిషాలు. ఒక వర్ణం రెండు కాలాల్లో పాడాలి. తరవాత ఒక కృతి, రాగాలాపనతో, కల్పనస్వరాలతో. ముగ్గురు పెద్దలు కూర్చుని వింటారు. దాన్ని ఆడిషన్ అంటారు.

ఆ పది నిమిషాల కోసం మా ఇల్లు పెళ్ళివారిల్లయిపోయింది. మా అత్తగారు మనవరాలి బుగ్గన కరక్కాయ పెట్టించారు. రాత్రిపూట పాలలో మిరియాలపొడి వేయించారు. మజ్జిగ మానిపించారు. ఫ్రిజ్‌లో నీళ్ళసీసాలన్నీ బయట పెట్టించి, కుండ తెప్పించారు. మా ఇంట్లో చల్లని నీళ్ళు తాగి మూడు నెలలయిందని మావారు ఆఫీసులో చెప్పుకున్నారట. ఆయనకి సప్తస్వరాల్లో ‘స’ తప్ప రెండో అక్షరం తెలీదు. అయినా ఊరికే కూర్చోలేక, చేతిగడియారం పట్టుకుని, “ఆలాపన మూడు నిమిషాల ఇరవై సెకన్లు. నిన్నటికన్నా పదిహేను సెకన్లు ఆలస్యం” అని రైల్వేస్టేషనులో ప్రకటనలా చదివేవారు. తెల్లవారుజామున అయిదింటికి మా అమ్మాయి మంద్రస్థాయిలో అకారసాధకం చేసేది. కింది పంచమం దగ్గరకి వచ్చేసరికి ఎదురింటి కుక్క కూడా గొంతు కలిపేది.

నవ్వుకోకండి గాని, ఆ రోజుల్లో నేనొక సంగతి తెలుసుకున్నాను. పాడినదంతా సెల్‌ఫోన్లో రికార్డు చేసుకుని వినమని టీచరుగారు చెప్పారు. మొదటిరోజు తన గొంతు తను విని మా అమ్మాయి ఏడ్చేసింది. “నేనింత ఘోరంగా పాడతానా అమ్మా?” అంది. పాడుతున్నప్పుడు మనం వినేది మన గొంతు కాదు, మన ఉద్దేశం. గాంధారం ఎక్కడ నిలపాలని అనుకున్నామో అక్కడే నిలిచిందనుకుంటాం. పక్కన కూర్చుని వింటే గాని అది కాస్త కిందే ఆగిపోయిందని తెలీదు. మంచితనం విషయంలోనూ అంతే కాబోలు. నా మంచితనాన్ని నేను నలభై ఏడేళ్ళుగా ఉద్దేశాల్లోనే వింటున్నాను. అది నిజంగా ఏ స్థాయిలో పలుకుతోందో కిందటేడు శ్రావణమాసంలో తెలిసింది.

పోటీకి వెళ్ళేవాళ్ళలో ఇంకొక అమ్మాయి ఉంది. మా అమ్మాయి క్లాసే, ఆ టీచరుగారి శిష్యురాలే. తండ్రి లేడు. తల్లి మా వీధి చివర చిన్న గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. టీచరుగారు ఆ పిల్ల దగ్గర జీతం పుచ్చుకోరని అందరికీ తెలుసు. టీచరుగారు మాత్రం ఎప్పుడూ ఆ మాట ఎత్తరు. సాయంత్రాలు జాకెట్లకని వెళితే, ఆ పిల్ల మూల స్టూలు మీద కూర్చుని, హుక్కులు కుడుతూ, మిషను చప్పుడుకి ఎదురు పాడుకుంటూ ఉండేది. మిషను ఆగితే దాని పాటా ఆగేది, వినబడుతోందేమోనని సిగ్గుపడి. ఆ పిల్ల గొంతు మా అమ్మాయి గొంతుకన్నా ఒక పాలు ఎక్కువ. తల్లిని కనక ఒక పాలే అన్నాను.

ఫారం నింపేరోజున నాకు మొదటి సందేహం వచ్చింది. మాకీ డబ్బు అవసరమా? మావారి జీతంలో ఫీజు కట్టుకోగలం. నా నవలలమీద వచ్చేది, పెద్దగా చెప్పుకునేది కాకపోయినా, టీచరుగారి జీతానికి సరిపోతుంది. ఆ మాటే అన్నాను.

మావారు కళ్ళజోడు తీసి, “ఫారంలో ఎక్కడైనా ఆదాయం అడిగారా? అడగలేదు. పాట అడిగారు. మనమ్మాయి తప్పుకుని ఆ పిల్లని గెలిపిస్తే, అది ఆ పిల్లకి ఉపకారం కాదు, అవమానం. పోటీలో గెలిచిందని చెప్పుకునే యోగం కూడా లేకుండా చేసినట్టు” అన్నారు.

మా అమ్మాయి అంతకన్నా తిన్నగా మాట్లాడింది. “డబ్బు కోసం కాదమ్మా. నేను బాగా పాడతానని నువ్వూ మామ్మా చెబితే నమ్మకం కుదరడం లేదు. నేనెవరో తెలియని వాళ్ళు ఒక్కసారి చెప్పాలి.”

రెండూ కాదనలేని మాటలే. ఫారం పంపించాం.

ఇక అసలు కథ. వరలక్ష్మీవ్రతం నాడు సాయంత్రం తెలిసినవాళ్ళింటికి పేరంటానికి వెళ్ళాను. ఆడిషన్‌కి ఇంకా రెండు వారాల పైన ఉంది. తాంబూలం, శనగలు ఒళ్ళో పెడుతూ ఆ ఇల్లాలు, “మీ అమ్మాయి పాట పరీక్షకి వెళుతోందటగా? మా అబ్బాయి రెండేళ్ళ కిందట వెళ్ళాడు. పాట బాగానే పాడాడు గాని, అందులో పెద్దాయన ఒకరు సాహిత్యానికి అర్థం అడిగేసరికి నీళ్ళు నమిలాడు. ఆయనకి మాట విరిచి పాడితే ఒళ్ళు మంట. మీరెలాగూ రచయిత్రి కదా, ఒకసారి అర్థాలన్నీ చెప్పి పంపండి” అంది.

ఎంత విలువైన మాటో చూడండి. మన పిల్లలు కృతులు నేర్చుకునేటప్పుడు స్వరం చూసుకుంటారు, తాళం చూసుకుంటారు. మాట సంగతి గాలికి వదిలేస్తారు. త్యాగరాజస్వామి తమిళదేశంలో, తిరువయ్యారులో కూర్చుని తెలుగులో రాస్తే, తెలుగు రాని తమిళులెందరో ఆ మాటల అర్థం తెలుసుకుని మరీ పాడారు. మనకి తెలుగు వచ్చునన్న ధీమా. ఊపిరి ఎక్కడ చాలకపోతే మాట అక్కడ విరిగిపోతుంది. వంటింట్లో “కాస్త ఉప్పు వేయరాదా” అన్నామనుకోండి, అది బతిమాలుకోవడం. “ఉప్పు వేయ... రాదా?” అని మధ్యలో ఊపిరి తీస్తే, ‘ఉప్పు వేయడం చేతకాదా’ అన్న దెప్పుడవుతుంది. ఇంట్లో అయితే ఒక పూట అలకతో పోతుంది. కృతిలో అయితే భక్తుడి మొర కాస్తా భగవంతుడిమీద దబాయింపు అయిపోతుంది.

ఇంటికొస్తూనే మావారితో చెప్పాను. ఆ రాత్రే బి.ఏ.లో చదివిన తెలుగంతా బయటికి తీసి, మా అమ్మాయి పాడబోయే ఖరహరప్రియ కృతికి ప్రతిపదార్థం రాసి పెట్టాను. పడుకున్నాక, కళ్ళు మూసుకోబోతూంటే కుట్టుమిషను చప్పుడు వినిపించింది. మిషను వీధి చివర ఉంది, అప్పుడు రాత్రి పదకొండు. అయినా వినిపించింది.

ఆ పిల్లకి చెప్పాలా? వద్దా?

ఒకటి కాదు, నాలుగు రాత్రులు నాతో నేను వాదించుకున్నాను. నేనేమైనా దొంగతనం చేశానా? లేదు. ప్రశ్నాపత్రం కొన్నానా? లేదు. పేరంటంలో తాంబూలంతోపాటు ఒక మాట దొరికింది. ఎవరి అదృష్టం వారిది. పోటీ అన్నాక ఎవరి సన్నాహం వారిది. ఇలా ఒక గొంతు. ‘ఆ పేరంటానికి కుట్టుమిషను ఆవిణ్ణి పిలిచారా?’ అని రెండో గొంతు. పిలవలేదు. పండగకి అందరి జాకెట్లూ కుట్టింది గాని, ఆ పండగనాటి పేరంటాల్లో ఆవిడ ఉండదు. అదృష్టం ఎవరిదైతేనేం గాని, అది తిరిగే ఇళ్ళు మాత్రం ఎప్పుడూ అవే.

ఆ రాత్రుల్లోనే ఎప్పుడో చదివిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. అమెరికాలో పెద్దపెద్ద వాద్యబృందాలవారు 1970ల నుంచీ ఆడిషన్లలో వాయించేవాళ్ళకీ నిర్ణేతలకీ మధ్య తెర కట్టడం మొదలుపెట్టారు. వాయించేది ఆడో, మగో, ఎవరి శిష్యులో తెలియకూడదని. చెప్పుల చప్పుడునిబట్టి ఆడమనిషని పోల్చుకుంటారేమోనని నేలమీద తివాచీ పరిచిన చోట్లు కూడా ఉన్నాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆ బృందాల్లో ఆడవాళ్ళ సంఖ్య బాగా పెరిగింది. తెర గొప్పదే. కాదనను. కాని ఆ తెర అడ్డం ఉండేది పది నిమిషాలు. అంతకుముందు పదకొండేళ్ళకి ఏ తెరా లేదు. ఎవరింట్లో పాలలో మిరియాలపొడి వేసేవాళ్ళున్నారు, ఎవరింట్లో ప్రతిపదార్థం రాసిపెట్టేవాళ్ళున్నారు అన్నది ఆ పదకొండేళ్ళలో గొంతులోకి వెళ్ళి కూర్చుంటుంది. తెర వెనకనుంచి వినబడేది అదంతా కలిసిన పాటే. దాన్నే మనం ప్రతిభ అంటాం.

నేను పెరిగింది విజయనగరంలో. బడికి వెళుతూ వస్తూ రోజూ సంగీతకళాశాల ముందునుంచే నడిచేదాన్ని. ఆ కళాశాల 1919లో ఎలా పుట్టిందో మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. సంస్థానంలో పనిచేసే ఒక ఉద్యోగి కుమారుడికి చూపు లేదట. ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకుంటే బాగుంటుందని తండ్రి మనవి చేసుకుంటే, మహారాజా విజయరామ గజపతి ఒక్క గురువుని కుదిర్చి ఊరుకోక, ఏకంగా కళాశాలే పెట్టించారట. ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. అక్కడ విద్యార్థిగా చేరదామని ఇరవయ్యారేళ్ళ ద్వారం వెంకటస్వామినాయుడుగారు వెళితే, ఆయన ఫిడేలు విని, నువ్వు నేర్చుకునేదేమిటి, పాఠం చెప్పు అని అధ్యాపకుడిగా వేసుకున్నారు. ఆడిషన్ అంటే అది కదూ! తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు.

చిన్నప్పుడు ఈ కథలో నాకు నాయుడుగారి ప్రతిభ ఒక్కటే కనబడేది. ఇప్పుడు ఇంకొకటి కనబడుతోంది. చూపు మందగించి బడిచదువు సాగకపోతే, ఆయన్ని ఫిడేలు దగ్గర కూర్చోబెట్టింది అన్నగారు. అదే కళాశాలలో చదువుకోవాలని వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఇంటింటా మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్న సంగతీ, పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి విద్య చెప్పిన సంగతీ మీకందరికీ తెలిసిందే. ఆ గొంతు తర్వాత తెలుగుదేశమంతా మోగింది. ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ళ పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ లేవు. ఒకవేళ వాళ్ళలో ఒకావిడ, ‘మా అబ్బాయి కూడా అదే కాలేజీలో చదువుతున్నాడు, ఇతనికి అన్నం పెడితే మావాడికి పోటీ అవుతాడేమో’ అని తలుపు వేసేసుకుని ఉంటే?

ఇంత గొప్పగా ఆలోచించాను కదా, మర్నాడు పొద్దున్నే లేచి వెళ్ళి చెప్పానా అంటే, చెప్పలేదు. పాలు పొంగుతున్నాయనీ, పనిమనిషి రాలేదనీ, ధారావాహిక భాగం పత్రికకి పంపాలనీ, రోజుకొక కారణం. నా నవలల్లో నాయికలైతే మొదటి ప్రకరణంలోనే తడిచీరతో పరుగెత్తుకెళ్ళి చెప్పేసి వచ్చేవారు. రాసే చెయ్యి వేరు, చేసే చెయ్యి వేరు.

అయిదోరోజు సాయంత్రం గుమ్మంలో ఆ పిల్లే నిలబడి ఉంది. చేతిలో నోటుపుస్తకం.

“ఆంటీ, పెద్దాయన అర్థం అడుగుతారని నాకు చెప్పమన్నారటగా. చాలా థాంక్సండీ. మీ దగ్గరకొస్తే నా కృతికి కూడా అర్థం చెబుతారని చెప్పింది. ఇప్పుడు మీకు వీలవుతుందాండీ?”

నేను మా అమ్మాయి వంక చూశాను. అది మామూలుగా జడ వేసుకుంటోంది. తర్వాత అడిగితే, “నువ్వు పేరంటంనుంచి వచ్చి నాన్నతో చెబుతూంటే విన్నాను కదమ్మా. అప్పుడే దానికి ఫోన్ చేసి చెప్పేశాను. నువ్వెలాగూ చెప్పమంటావు కదా అని నీ పేరే చెప్పాను” అంది. నాలుగు రాత్రులు నేను నిద్ర మానుకుని మోసిన ధర్మసంకటం దానికి అయిదు నిమిషాల ఫోను. దానికది ధర్మమనీ తెలీదు, సంకటమనీ తెలీదు.

నేను సిగ్గుపడ్డాను అంటే నమ్ముతారు గాని, ఆ క్షణంలో చేసిన పని అది కాదు. “దానికేముందమ్మా, రా, కూర్చో” అన్నాను, నిజంగానే నేను చెప్పి పంపినట్టు. చెయ్యని ఉపకారానికి వేతనం పుచ్చుకున్నాను.

ఇంకా ఉంది, వినండి. ఆ పిల్ల పుస్తకం తెరిచింది. తోడిరాగంలో కృతి. నేను మొదలుపెట్టాను గాని, మా అమ్మాయికి చెప్పినట్టు కాదు. మొదటి రెండు పంక్తులకీ పైపైన భావం చెప్పి వదిలేశాను. ఉపకారమంటే ఇంత అని కొలతేం లేదు కదా, ఏదో ఒకటి చెబితే చాలు. ఇవ్వకపోవడంకన్నా తక్కువ ఇవ్వడం సులువు. ఎవరికీ తెలీదు.

మూడో పంక్తిలో ఒక సమాసం దగ్గర ఆ పిల్ల ఆగి, “ఇక్కడ ఊపిరి తీసుకుంటున్నానండీ. ఇది ఒకటే మాటా, రెండు మాటలా?” అని అడిగింది. ఎంత చక్కని ప్రశ్న! బి.ఏ. పూర్తయ్యాక నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. నేనది విడదీసి చూపించాను. విడదీస్తే ఒక అర్థం, కలిపితే ఒక అర్థం. “అయితే కలిపే పాడాలి” అని, అక్కడికక్కడే ఊపిరి ముందే తీసుకుని, కలిపి పాడింది. మా హాల్లో ఆ మాట మొదటిసారి పూర్తిగా వినబడింది. అంతే, నాకింక స్వార్థం గుర్తులేదు. మళ్ళీ మొదటి పంక్తికి వెళ్ళి, మొత్తం కృతికి ప్రతిపదార్థం చెప్పాను. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది. మా అత్తగారు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. మా అమ్మాయి కూడా వచ్చి పక్కన కూర్చుని తన పుస్తకంలో రాసుకుంది.

నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం నన్ను దిద్దింది ధర్మబుద్ధి కాదు. భాషమీద నాకున్న ప్రేమ. న్యాయం చెయ్యాలని నాలుగు రాత్రులు అనుకున్నా చెయ్యలేనిది, ఒక సమాసం ముచ్చట పడి అరగంటలో చేసేశాను. ఇది నా గొప్పతనం కాదని ఎంత ఒప్పుకున్నా, ఒక ధైర్యం మాత్రం కలిగింది. మనం మంచివాళ్ళం కాలేని వేళ, మనం ప్రేమించే పనిని గట్టిగా పట్టుకుంటే అదే చెయ్యి పట్టుకుని కొంతదూరం తీసుకెళుతుంది. ఆ టీచరుగారు జీతం పుచ్చుకోకుండా చెప్పడంలో దయ ఎంతో, మంచి గొంతు దొరికిన సంతోషం ఎంతో ఎవరు విడదీయగలరు? అదీ సమాసమే.

శ్రావణమాసం చివరి ఆదివారం ఆడిషన్. తల్లులం బయట వరండాలో బెంచీమీద కూర్చున్నాం. కుట్టుమిషను ఆవిడ నా పక్కనే కూర్చుంది. మా అమ్మాయి బాగా పాడింది, ఇంట్లోకన్నా బాగా. స్వరాల్లో ఒకచోట తడబడి సర్దుకుంది. పెద్దాయన అర్థం అడిగారు, చెప్పింది. తర్వాత ఆ పిల్ల పాడింది. తోడి ఆలాపన మొదలుపెట్టగానే వరండాలో మాటలు ఆగిపోయాయి. నేను చెప్పిన ఆ సమాసం దగ్గరకి వచ్చేసరికి నేనే ఊపిరి బిగబట్టాను. విరవలేదు. ‘భేష్’ అనుకున్నాను. వెంటనే మా అమ్మాయి ముఖం కనబడి, ఆ భేష్ గొంతులోనే ఆగిపోయింది. రెండూ ఒక్క క్షణంలోనే జరిగాయి. రెండూ నిజమే.

వినాయకచవితి వెళ్ళిన మూడోరోజున తెలిసింది, ఆ పిల్లకి వచ్చిందని. నేను సంతోషించానని రాస్తే అబద్ధం. బాధపడ్డానని రాసినా పూర్తి నిజం కాదు. మా అమ్మాయి ఆ పిల్లకి ఫోన్ చేసి అభినందించి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. వారంరోజులు తంబూరా ముట్టుకోలేదు. ఎనిమిదోరోజున డాబామీద బట్టలు ఆరేస్తూ, తనకి తెలియకుండానే ఖరహరప్రియ పాడుకుంటూంటే కిందనుంచి విన్నాను. అప్పుడు మావారు గడియారం చూడలేదు.

నేను అర్థం చెప్పకపోతే ఏమయ్యేది? ఆ పిల్లకి రాకపోయేదా? మా అమ్మాయికి వచ్చేదా? ఎవరూ చెప్పలేరు. అది తెలుసుకునే దారి లేకపోవడమే మంచిదని ఇప్పుడనిపిస్తుంది. తెలిస్తే మళ్ళీ లెక్క మొదలవుతుంది.

ఆ రెండు మాటలనీ ముడివేసిన పండితుడిమీద నాకు మొదట్లో కోపం వచ్చిందన్నాను కదా. ఇప్పుడు లేదు. ఏ విద్యనైనా వెనక్కి తిప్పుకుంటూ వెళితే ఎక్కడో ఒక అన్నగారో, ఒక గురువో, పేరులేని ఇల్లాలో చేసిన ఉపకారం కనబడుతుంది. ముందుకి చూస్తే, దానికి మనం చెయ్యాల్సిన పని కనబడుతుంది. పుచ్చుకునేటప్పుడు అది ఉపకారం. పుచ్చుకున్నాక మన చేత పని చేయించుకునే వేతనం. పని చెయ్యకుండా జీతం తీసుకున్నవాళ్ళని ఏమంటామో మీకు తెలుసు.

దసరాకి కుట్టుమిషను ఆవిడ నా జాకెట్టు కుట్టి తెచ్చి ఇచ్చింది. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. “ఇది కూలికి కుట్టింది కాదమ్మగారూ. ఆ రోజు మీరు కబురు పంపకపోతే మా పిల్లకి ఎవరు చెబుతారు?” అంది. కబురు పంపింది నేను కాదని చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. ఆవిడ చేతి కొలత ఎప్పుడూ తప్పదు. అయినా ఆ జాకెట్టు వేసుకున్నరోజున ఎందుకో బిగుతుగా అనిపించింది.

వచ్చినవాళ్ళు కూర్చుని చదువుకోవడానికి ఆవిడ మిషను పక్కన స్టూలుమీద ఎప్పుడూ ఈ వారపత్రిక ఉంటుంది. ఆవిడా చదువుతుంది, ఆ పిల్లా చదువుతుంది. అందుకే ఇదంతా ఇక్కడ రాశాను. చదివాక కూడా ఆవిడ డబ్బు పుచ్చుకోనంటే, అప్పుడది నాకు జరిగిన ఉపకారమే అనుకుంటాను. పుచ్చుకుంటే ఇంకా మంచిది. లెక్క సరిపోతుంది.